యూఎస్‌ఎస్ సెర్పెన్స్ (ఏకే-97): ఇరవై నెలలు బతికిన సరుకు ఓడ – తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి సామాన్లు మోసిన ఓడల్లో సెర్పెన్స్ ఒకటి. 1943 మే 28న విధుల్లో చేరింది. 1945 జనవరి 29 రాత్రి పసిఫిక్‌లోని సాలమన్ దీవుల్లో ఒకటైన గ్వాడల్‌కెనాల్ తీరంలో పేలిపోయింది. ఈ ఓడ గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది ఆ ఒక్క రాత్రి దగ్గరే ఆగిపోతారు. మిగతా ఇరవై నెలల పని తెలియకపోతే ఆ రాత్రి ఎలా వచ్చిందో కూడా తెలియదు. అందుకే ఇక్కడ ఓడ పనికి, సరుకు ఎక్కించి దించే పద్ధతికి ఎక్కువ చోటు ఇచ్చాం.

సెర్పెన్స్ యుద్ధనౌకా, సరుకు ఓడా?

సరుకు ఓడే. నౌకాదళం జెండా ఎగరేసుకుని, తుపాకులు బిగించుకుని తిరిగినా చేసిన పని రవాణా. పేరు పక్కన ఉన్న 'ఏకే' అమెరికా నౌకాదళంలో సాధారణ సరుకు ఓడల గుర్తు. మందుగుండు కోసమే ప్రత్యేకంగా తీర్చిదిద్దిన ఓడల గుర్తు 'ఏఈ'. సెర్పెన్స్ చివరిదాకా ఏకేగానే ఉంది. దాని చివరి రోజుల గురించి చదివేటప్పుడు ఈ చిన్న తేడాను మనసులో పెట్టుకోవాలి.

ఎక్కడ కట్టారు? ఎన్ని రోజులు పట్టింది?

లాస్ ఏంజెలెస్ రేవులోని కాలిఫోర్నియా షిప్‌బిల్డింగ్ కార్పొరేషన్ యార్డులో కట్టారు. అప్పట్లో అందరూ దాన్ని కాల్‌షిప్ అనేవాళ్లు. 1943 మార్చి 10న అడుగు దూలం వేశారు, ఏప్రిల్ 5న నీళ్లలోకి దింపారు. అంటే 26 రోజులు. ఏప్రిల్ 19న నౌకాదళం చేతికి వచ్చింది, మే 28న శాన్ డియాగోలో లాంఛనంగా విధుల్లో చేరింది. అడుగు దూలం నుంచి జెండా ఎగరేసేదాకా లెక్కేస్తే 79 రోజులు.

ఇంత వేగానికి కారణం ఓడను ముక్కలుగా కట్టడం. అడుగు భాగం, పక్క గోడలు, మధ్యలో వచ్చే అడ్డుగోడలు, ఓడను నడిపే గది అన్నీ యార్డులో వేర్వేరు చోట్ల తయారవుతాయి. క్రేన్లు వాటిని తెచ్చి వరసగా నిలబెడతాయి, వెల్డర్లు అతుకుతారు. రివెట్లు కొట్టే పాత పద్ధతిలో నెలలు పట్టే పని ఇలా వారాల్లో తెమిలిపోయింది.

దీనికీ ఒక మూల్యం ఉంది. రివెట్లు కొట్టిన ఓడలో పగులు పుడితే తరచు ఆ రేకు అంచు దగ్గరే ఆగుతుంది. వెల్డింగ్ ఓడ మొత్తం ఒకే లోహపు ముక్క లాంటిది కాబట్టి, చల్లటి నీళ్లలో ఉక్కు పెళుసుబారినప్పుడు హ్యాచ్ (డెక్కు మీద సరుకు దించే నోరు) మూల దగ్గర మొదలైన పగులు అడ్డూ ఆపూ లేకుండా పాకేది. అలా నిలువునా విరిగిపోయిన ఓడలున్నాయి. సెర్పెన్స్ తిరిగింది వెచ్చటి నీళ్లలో, దాని అంతానికీ ఈ లోపానికీ సంబంధం లేదు.

మొదట వేరే పేరు ఉండేదట, నిజమేనా?

నిజమే. బెంజమిన్ ఎన్. కార్డోజో అనే పేరుతో మొదలుపెట్టారు. ఆయన అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, 1938లో చనిపోయారు. లిబర్టీ ఓడలకు, అంటే యుద్ధ రవాణా కోసం ఒకే నమూనాలో వేలకొద్దీ కట్టిన సరుకు ఓడలకు, ఇలా గతించిన ప్రముఖుల పేర్లు పెట్టేవారు. నౌకాదళం మాత్రం తన సరుకు ఓడలకు నక్షత్రాల, నక్షత్ర మండలాల పేర్లు వాడేది. అలా ఇది 'సెర్పెన్స్', అంటే సర్ప మండలం అయింది. ఆకాశంలో రెండు విడి ముక్కలుగా కనిపించే మండలం ఇదొక్కటే: తల ఒక పక్క, తోక ఇంకో పక్క, మధ్యలో పామును పట్టుకున్న సర్పధరుడు. ఈ రకం నౌకాదళ ఓడలన్నిటి వర్గం పేరు 'క్రేటర్', అదీ ఒక నక్షత్ర మండలమే.

కొలతలు, యంత్రం వివరాలు?

పొడవు 134.6 మీటర్లు, వెడల్పు 17.3 మీటర్లు. నిండా ఎక్కిస్తే నీళ్లలో దాదాపు 8.6 మీటర్లు మునుగుతుంది, అప్పుడు మొత్తం బరువు 14,550 టన్నులు. చమురుతో మండే బాయిలర్లు రెండు. 2,500 అశ్వశక్తి గల ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఆవిరి యంత్రం ఒకే ఒక ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఈ యంత్రంలో ఒకే ఆవిరి చిన్న సిలిండరులో, మధ్య దానిలో, పెద్ద దానిలో వరసగా వ్యాకోచిస్తూ మూడుసార్లు పని చేస్తుంది.

వేగం గంటకు 11 నాట్లు, మన లెక్కలో 20 కిలోమీటర్లు. రోజంతా ఆగకుండా నడిస్తే 264 నాటికల్ మైళ్లు. 5,000 మైళ్ల పసిఫిక్ ప్రయాణానికి 19 రోజులు పడుతుంది.

1943లో ఇంత పాతకాలపు యంత్రం ఎందుకు పెట్టారని చాలామంది అడుగుతారు. టర్బైన్లు, వాటికి కావాల్సిన గేర్లు చేయగల కర్మాగారాలన్నీ యుద్ధనౌకల పనిలో మునిగి ఉన్నాయి. ఆవిరి పిస్టన్ యంత్రాన్నైతే మామూలు ఇంజనీరింగ్ వర్క్‌షాపులు కూడా పోతపోసి తయారు చేయగలవు. కొద్ది నెలల శిక్షణతో వచ్చిన కుర్రాళ్లు నడపగలరు. పాడైతే సముద్రం మధ్యలోనే విప్పి బాగుచేసుకోగలరు. ఆ పరిస్థితిలో అది సరైన ఎంపికే.

హోల్డులు ఎన్ని? ఎలా అమర్చారు?

హోల్డు అంటే సరుకు వేసే గది. లిబర్టీ ఓడలో ఇవి ఐదు. బాయిలర్లు, యంత్రం ఓడ మధ్యలో ఉంటాయి. వాటికి ముందు 1, 2, 3 హోల్డులు, వెనక 4, 5 హోల్డులు. ప్రతి హోల్డుకూ నడిమి అంతస్తు ఒకటి ఉంటుంది, బరువైనది కింద, తేలికైనది పైన సర్దుతారు. 1వ హోల్డుకు ముందు, ఓడ ముక్కు లోపల, మోకులూ రంగు డబ్బాలూ పనిముట్లూ పెట్టుకునే చిన్న గది ఉంటుంది. దాన్ని బోసన్ లాకర్ అంటారు. ఈ గది ప్రస్తావన మళ్లీ వస్తుంది.

సరుకు ఓడకు 198 మంది సిబ్బంది ఎందుకు?

ఇదే నమూనా లిబర్టీ ఓడను వ్యాపార నావికులు నడిపితే 40 మంది చాలు, పైన తుపాకుల దగ్గరికి నౌకాదళం పంపే కొద్దిమంది. సెర్పెన్స్ నౌకాదళ ఓడ కాబట్టి తుపాకులన్నింటికీ మూడు పూటలా మనుషులు కావాలి. వెనక 5 అంగుళాల తుపాకీ, ముందు 3 అంగుళాలది, విమానాలను కొట్టే 40, 20 మిల్లీమీటర్ల తుపాకులు ఉండేవి. ఇవి కాక సొంత పడవలు, సొంత వించ్‌లు (తాడు చుట్టి బరువు లాగే యంత్రాలు), సిగ్నళ్లు, రేడియో, వంటశాల, వైద్యం. రేవు, కూలీలు, క్రేన్లు ఏవీ లేని దీవుల దగ్గర పనంతా తామే చేసుకోవాలి.

నడిపింది కోస్ట్‌గార్డ్ అంటారు. మరి నౌకాదళ ఓడ ఎలా అయింది?

1941 నవంబరులో అమెరికా కోస్ట్‌గార్డ్‌ను నౌకాదళం కిందికి తెచ్చారు. చిన్న పడవలు నడపడం, ఒడ్డు దగ్గర అలల్లో సరుకు దించడం కోస్ట్‌గార్డ్ వాళ్లకు కొట్టిన పిండి. అందుకే నౌకాదళం తన ఓడలు 350కి పైగా వాళ్లకు అప్పగించింది, అందులో సెర్పెన్స్ ఒకటి. ఓడ నౌకాదళానిది, మనుషులు కోస్ట్‌గార్డ్‌వాళ్లు. మొదటి కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ మాగ్నస్ జె. జాన్సన్, చివరి కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ పెర్రీ ఎల్. స్టిన్సన్.

ఇరవై నెలల్లో ఎక్కడెక్కడ తిరిగింది?

కాలిఫోర్నియా తీరంలో పరీక్ష ప్రయాణం అయ్యాక అలమీడాలో సరుకు ఎక్కించుకుని 1943 జూన్ 24న నైరుతి పసిఫిక్‌కు బయల్దేరింది. ఆ తర్వాత పని బస్సు సర్వీసు లాంటిదే: టోంగా, ఫిజీ, సమోవా దీవులు, ఇప్పుడు వనువాటు అంటున్న చోట ఎస్పిరిటు శాంటో, సాలమన్ దీవులు. 1943 చివరికొచ్చేసరికి బోగన్‌విల్ దాకా వెళ్లింది. బియ్యం బస్తాల నుంచి బుల్డోజర్ల దాకా ఏది ఇస్తే అది మోయడమే. లారీలు, జీపులు వంటి చక్రాల బండ్లు పెద్ద వంతు.

1944 మొదట్లో న్యూజిలాండ్‌లో డ్రైడాక్ (నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేసే రేవు) ఎక్కింది. వెచ్చటి సముద్రంలో ఓడ అడుగున నాచు, గుల్లలు తొందరగా పేరుకుంటాయి. గీకించకపోతే 11 నాట్ల ఓడ 9కి పడిపోతుంది, చమురు ఖర్చు మాత్రం తగ్గదు. బాగుచేయించుకుని మళ్లీ అదే సర్వీసులో నవంబరు దాకా తిరిగింది.

ఈ కాలంలో చెప్పుకోదగ్గ యుద్ధ ఘట్టం పెద్దగా లేదు. మొత్తం సేవకు దక్కింది యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చే బ్యాటిల్ స్టార్ ఒక్కటి. సరుకు ఓడకు అదే ఎక్కువ.

రేవు లేని చోట సరుకు ఎలా దించేవారు?

ఓడను ఒడ్డుకు దూరంగా లంగరు వేసి, సరుకును బార్జీల్లోకి (చదునైన సరుకు పడవల్లోకి) దించి ఒడ్డుకు చేరుస్తారు. కాకినాడ యాంకరేజ్ పోర్టు పని చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, అక్కడా ఓడ సముద్రంలో ఆగుతుంది, బార్జీలు వస్తూ పోతూ ఉంటాయి.

ఓడ మీద పనిముట్టు డెరిక్. స్తంభానికి ఆనించిన పొడవాటి ఉక్కు చేయి అది, లిబర్టీ ఓడలో మామూలు డెరిక్ 5 టన్నులది. రెండు డెరిక్‌లను జతచేసి వాడే పద్ధతి ఇలా ఉంటుంది:

ఒక డెరిక్ కొసను హ్యాచ్ నోటిమీద, రెండోదాని కొసను ఓడ పక్కకు బార్జీ మీద ఉండేలా బిగిస్తారు. ఆ తర్వాత అవి కదలవు. రెండింటి నుంచి వచ్చే తాళ్లను ఒకే కొక్కేనికి కలుపుతారు. బార్జీ నుంచి ఎక్కించాలంటే బయటి వించ్ సరుకును పైకి లాగుతుంది. రెయిలింగు దాటాక లోపలి వించ్ తన వైపు లాగుతూ ఉంటే బయటిది వదులుతూ ఉంటుంది. సరుకు అడ్డంగా జరిగి హ్యాచ్ మీదికి వస్తుంది. అప్పుడు లోపలి వించ్ దించుతుంది. హ్యాచ్ అంచున నిలబడ్డ మేస్త్రీ చేతి సైగలే ఇద్దరు వించ్‌మెన్‌లకూ ఆధారం, ఎందుకంటే గది అడుగు వాళ్లకు కనపడదు.

తప్పు జరిగే చోట్లు ఇవి. సరుకు బరువు 5 టన్నుల లోపే ఉంది కదా అనుకుంటారు, కానీ అడ్డంగా జరిగేటప్పుడు రెండు తాళ్ల మధ్య కోణం పెరిగేకొద్దీ ఒక్కో తాడు మీద లాగుడు పెరుగుతుంది. కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కో తాడు మీదా సరుకు పూర్తి బరువంత లాగుడు పడుతుంది. అందుకే ఈ పద్ధతిలో డెరిక్ సామర్థ్యంలో సుమారు సగమే ఎత్తాలని నియమం. ఇద్దరు వించ్‌మెన్ జోడు తప్పితే, ఒకరు వదలకముందే ఇంకొకరు లాగితే, తాళ్లు బిగుసుకుని డెరిక్‌ను పట్టుకున్న తాడు తెగుతుంది. అల వచ్చి బార్జీ పైకి లేచిన క్షణంలో ఎత్తడం మొదలుపెడితే మరుక్షణం బార్జీ కిందికి పోయి సరుకు ఊగి ఓడ పక్కకు కొట్టుకుంటుంది. రాత్రిపూట దీపాల వెలుతురులో నీడలు పడి దూరం అంచనా తప్పడం సరేసరి.

బియ్యం బస్తా జారితే బస్తా పోతుంది. జీపు జారితే జీపు పోతుంది. ఇదే డెరిక్, ఇదే వించ్, ఇదే అలసిన జట్టు మందుగుండు ఎత్తినప్పుడు లెక్క మారిపోతుంది.

మందుగుండు ఓడగా ఎప్పుడు మారింది?

1944 నవంబరు మధ్యలో రస్సెల్ దీవులు, గ్వాడల్‌కెనాల్ నుంచి మరమ్మతు చేయాల్సిన సైనిక వాహనాలు ఎక్కించుకుని న్యూజిలాండ్ వెళ్లింది. వాటిని వెల్లింగ్టన్‌లో దించాక మూడు హోల్డులను మందుగుండు పెట్టడానికి అనువుగా మార్చారు. డిసెంబరు చివర్లో వెల్లింగ్టన్‌లో సరుకు ఎక్కించడం మొదలుపెట్టి, ఆక్లండ్‌లో ముగించి, 1945 జనవరి మధ్యకు సాలమన్ దీవులకు తిరిగొచ్చింది.

హోల్డును 'మార్చడం' అంటే ఏం చేస్తారు?

ముఖ్యమైన పని చెక్క. ఉక్కు గోడలు, దూలాలు, నేల మీద పలకలు పరిచి మేకులు బయటికి కనపడకుండా కొడతారు. బాంబు పెట్టె ఎక్కడా ఉక్కును నేరుగా తాకకూడదు. గుండ్రటి సరుకు దొర్లకుండా వరస వరసకూ మధ్య దుంగలు, ఆప్పులు బిగిస్తారు. గాలి గొట్టాలకు నిప్పురవ్వలు దూరకుండా జాలీ వేస్తారు. యంత్రం గది వైపు గోడకు వేడి తగలకుండా అదనపు తొడుగు వేస్తారు. కరెంటు తీగలు తీసేస్తారు లేదా మూసేస్తారు.

పనిచేసేటప్పుడు పాటించేవి వేరు. స్తంభం మీద ఎర్ర జెండా ఎగరాలి. పొగ తాగడం నిషేధం. రవ్వలు రాని ఇత్తడి, రాగి పనిముట్లే వాడాలి. పేలుడును మొదలుపెట్టే డెటొనేటర్లను అసలు మందుకు దూరంగా వేరే గదిలో పెట్టాలి.

ఇవన్నీ చేసినా అది పుట్టుకతో మందుగుండు ఓడ కాదు. డెరిక్‌లు, వించ్‌లు, హ్యాచ్ అంచులు పాతవే. హోల్డు గోడలకు చెక్క తొడగవచ్చు, పైనుంచి వేలాడే కొక్కేనికి తొడగలేం. మా ఉద్దేశంలో సెర్పెన్స్ కథలో బలహీనమైన చోటు అదే.

డెప్త్ చార్జ్ అంటే ఏమిటి?

జలాంతర్గామిని కొట్టే నీటి బాంబు. అప్పట్లో బాగా వాడిన మార్క్ 6 రకం చూడటానికి చిన్న డ్రమ్ములా ఉంటుంది: 70 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వ్యాసం. మొత్తం బరువు 190 కిలోలు, అందులో 136 కిలోలు టీఎన్‌టీ అనే పేలుడు మందు. తర్వాత వచ్చిన మార్క్ 9 సన్నటి తోకతో కన్నీటి చుక్క ఆకారంలో ఉంటుంది. వేగంగా మునగడం కోసం ఆ ఆకారం. అందులో సుమారు 90 కిలోల టార్పెక్స్ పట్టేది. టార్పెక్స్ అంటే ఆర్‌డీఎక్స్, టీఎన్‌టీ, అల్యూమినియం పొడి కలిపిన మందు. దెబ్బకొడితే టీఎన్‌టీ కంటే సగం ఎక్కువ బలం, దెబ్బ తగిలితే టీఎన్‌టీ కంటే తొందరగా రేగే గుణం.

పేలాల్సిన లోతును నీటి ఒత్తిడే నిర్ణయిస్తుంది. ఒత్తిడి పెరిగి లోపలి స్ప్రింగు వదులుకోగానే ఫైరింగ్ పిన్ను డెటొనేటరును కొడుతుంది, అది పక్కనున్న చిన్న మందును పేలుస్తుంది, ఆ చిన్నది పెద్దదాన్ని పేలుస్తుంది.

డెటొనేటర్ బిగించకుండా ఉంటే పేలదు కదా?

టీఎన్‌టీ విషయంలో ఈ నమ్మకం చాలావరకు సరైనదే. చిన్న ఎత్తు నుంచి పడితే మామూలుగా ఏమీ కాదు. అయితే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. డబ్బా చిల్లుపడి మందు రాలి, ఆ పొడి రెండు లోహాల మధ్య నలిగితే రాపిడికి రేగొచ్చు. టార్పెక్స్ వంటి మందుకు గట్టి దెబ్బే చాలు. డెటొనేటర్లు, మధ్య మందు అదే ఓడలో వేరే చోట ఉంటే వాటికి తగిలిన దెబ్బ అన్నిటికంటే ప్రమాదం.

ఒకటి పేలితే మిగతావి ఆగవు. పక్కపక్కన పేర్చిన వందల డ్రమ్ముల్లో ఒకదాని విస్ఫోటన తరంగమే పక్కదానికి డెటొనేటరు. పోగు మొత్తం పోవడానికి సెకనులో చిన్న భాగం చాలు. హోల్డుల మధ్య ఉక్కు గోడ దీనికి అడ్డం కాదు.

1945 జనవరి 29 రాత్రి ఏం జరిగింది?

గ్వాడల్‌కెనాల్ ఉత్తర తీరంలో లుంగా దగ్గర ఓడ లంగరు వేసి ఉంది. ఇప్పటి హోనియారాకు దగ్గరి చోటు. డెప్త్ చార్జ్‌లను హోల్డుల్లోకి ఎక్కిస్తున్నారు. 'దించుతుండగా' అని రాస్తే అది పొరపాటు. ఓడ సిబ్బందితో పాటు సైన్యానికి చెందిన రేవు కళాసీల దళం కూడా పనిలో ఉంది. కెప్టెన్ స్టిన్సన్, ఇంకో అధికారి, ఆరుగురు నావికులు అప్పటికి ఒడ్డున ఉన్నారు.

రాత్రి 11 గంటల 18 నిమిషాలకు ఓడ పేలింది. కెప్టెన్ చెప్పిన ప్రకారం రెండు మెరుపులు కనిపించాయి, ఆ తర్వాత కనపడింది ముక్కు భాగం ఒక్కటే. మిగతాది ముక్కలై చెదిరిపోయింది. ముక్కు కూడా కాసేపటికి మునిగిపోయింది. ఎగిరివచ్చిన ఇనుప ముక్క తగిలి ఒడ్డున ఒక సైనికుడు చనిపోయాడు.

ఎంతమంది చనిపోయారు? ఒక్కోచోట ఒక్కో అంకె ఎందుకు?

మృతులను ఖననం చేసిన ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలోని స్మారకం లెక్క 250. ఇందులో కోస్ట్‌గార్డ్ నావికులు, సైన్యపు కళాసీలు, ప్రజారోగ్య సేవకు చెందిన డాక్టర్ ఒకరు ఉన్నారు. నౌకాదళ చరిత్ర రాతల్లో ఇంకో అరడజను ఎక్కువగా కనిపిస్తుంది. ఆ రాత్రి ఓడలో సరిగ్గా ఎవరెవరు ఉన్నారో చెప్పాల్సిన కాగితాలు కూడా ఓడతోనే పోయాయి కాబట్టి ఈ తేడా సహజం. అంకె వాడాల్సి వస్తే 250 వాడండి, దానికి పేర్ల జాబితా ఉంది.

కోస్ట్‌గార్డ్ చరిత్రలో ఒకే ఘటనలో జరిగిన అతి పెద్ద ప్రాణనష్టం ఇదే. పోల్చి చూస్తే, 1944 మార్చిలో టార్పెడో తగిలిన, కోస్ట్‌గార్డ్ నడిపిన లియోపోల్డ్ ఓడలో 171 మంది పోయారు.

ఓడలో ఉన్నవాళ్లలో ఇద్దరు ఎలా బతికారు?

ఆ ఇద్దరూ పేలుడు సమయానికి బోసన్ లాకర్‌లో ఉన్నారు. ముందే చెప్పినట్టు అది ఓడ ముక్కులో, 1వ హోల్డుకు కూడా ముందు ఉంటుంది. ఓడ చీలినప్పుడు ముక్కు ఒక ముక్కగా విడిపోయి కాసేపు తేలింది. అది మునిగేలోపు వాళ్లను బయటికి తీశారు. ఓడలో అంతకంటే మేలైన చోటు ఇంకోటి లేదు.

శత్రువు పనేనా?

మొదట అలాగే అనుకున్నారు, అందుకు కారణమూ ఉంది. లుంగా తీరం సరుకు ఓడలకు పాత శత్రువు. 1942 నవంబరు 28న సరిగ్గా ఇక్కడే ఆల్చిబా అనే సరుకు ఓడను జపాన్ మరుగుజ్జు జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. 1943 జూన్‌లో సెర్పెన్స్ వర్గానికే చెందిన అలూద్రా, డీమోస్ ఓడలు రెండూ సాలమన్ దీవుల దగ్గర జలాంతర్గామికి బలయ్యాయి.

కానీ 1945 జనవరి నాటికి యుద్ధం ముందుకు జరిగిపోయింది. గ్వాడల్‌కెనాల్ జపాన్ చేతి నుంచి పోయి రెండేళ్లు కావస్తోంది. అమెరికా సేనలు ఆ నెల 9నే వేల కిలోమీటర్ల అవతల ఫిలిప్పీన్స్‌లోని లూజాన్‌లో దిగాయి. విచారణ సంఘం మిగిలిన ఆధారాలతో కారణం తేల్చలేమంది. చివరికి 1949లో నౌకాదళం ఇది శత్రుదాడి కాదు, సరుకు ఎక్కించే పనిలోనే పుట్టిన ప్రమాదమని తేల్చి ఫైలు మూసేసింది.

ఏ డ్రమ్ము జారింది, ఏ తాడు తెగింది అనేది చెప్పే సాక్షి లేడు. ఎవరైనా ఆ చివరి సెకన్లను కళ్లకు కట్టినట్టు రాస్తే అది ఊహే.

ఆల్చిబాలోనూ మందుగుండు ఉంది కదా, అది ఎలా బతికింది?

దానికి అంటుకున్నది మంట. పెట్రోలు డ్రములు, బాంబులతో ఉన్న ఆ ఓడను కెప్టెన్ వెంటనే ఒడ్డుకు తోలి ఇసుకలో ఎక్కించాడు. మంట ఐదు రోజులు మండింది, సిబ్బంది ఆర్పుతూనే, మందుగుండు దించుతూనే ఉన్నారు. మంట మనిషికి టైమిస్తుంది. విస్ఫోటనం ఇవ్వదు.

ఇలాంటి ప్రమాదాలు ఇంకా జరిగాయా?

ఏడాది తిరగకముందే మూడు. 1944 జులై 17న కాలిఫోర్నియాలోని పోర్ట్ షికాగోలో ఓడలోకి మందుగుండు ఎక్కిస్తుండగా పేలి 320 మంది చనిపోయారు. అక్కడ పనిచేసిన నల్లజాతి నావికులకు సరైన శిక్షణ ఇవ్వలేదు, పైగా జట్ల మధ్య వేగం పోటీలు పెట్టారు.

1944 నవంబరు 10న మానస్ దీవి దగ్గర మౌంట్ హుడ్ పేలింది. ఇది ఏఈ ఓడ, మందుగుండు కోసమే తీర్చిదిద్దినది. అందులో 3,800 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. జులై 1న విధుల్లో చేరి నాలుగు నెలలు దాటిన కాసేపటికే మాయమైంది. పొద్దున ఒడ్డుకు వెళ్లిన 18 మంది తప్ప సిబ్బందిలో ఎవరూ మిగల్లేదు. ప్రత్యేకంగా తీర్చిదిద్దిన ఓడకే ఈ గతి పట్టినప్పుడు చెక్క తొడిగిన ఏకే ఎంత అనుకోవాలి.

మన దేశానికి సంబంధించింది 1944 ఏప్రిల్ 14 నాటి బొంబాయి విక్టోరియా డాక్ పేలుడు. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో 1,395 టన్నుల పేలుడు పదార్థాలతో పాటు కరాచీలో ఎక్కించిన 8,700 పత్తి బేళ్లు, 124 బంగారు కడ్డీలు ఉన్నాయి. పత్తి రాజుకుంది. పొగ కనిపించాక రెండు గంటలు ఆర్పడానికి చూశారు, సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు, అరగంటలోపే రెండోది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన ఊళ్లలో జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకార్థమే.

మృతులను ఎక్కడ ఖననం చేశారు?

మొదట గ్వాడల్‌కెనాల్‌లోనే. 1949లో అవశేషాలను అమెరికా తెచ్చి జూన్ 15న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో మళ్లీ ఖననం చేశారు. 250 మందికి 52 శవపేటికలు, 28 సమాధులు. ఎవరి అవశేషాలు ఎవరివో విడదీయడం సాధ్యం కాలేదు. ఆ శ్మశానంలో జరిగిన అతి పెద్ద సామూహిక ఖననం ఇదే. పేర్లు చెక్కిన ఎనిమిది పలకల స్మారకాన్ని 1950 నవంబరు 16న ప్రారంభించారు. 34వ సెక్షన్‌లో ఉంటుంది.

సెర్పెన్స్ ఎలా ఉండేదో ఇప్పుడు చూడగలమా?

ఆ ఓడను చూడలేం, దాని జోడు ఓడలను చూడొచ్చు. మొత్తం 2,710 లిబర్టీ ఓడల్లో యంత్రాలతో సహా నిలబెట్టిన రెండు అమెరికాలో ఉన్నాయి: శాన్ ఫ్రాన్సిస్కోలో జెరమయ్య ఓబ్రయన్, బాల్టిమోర్‌లో జాన్ డబ్ల్యు. బ్రౌన్. బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లకు మొదటిది ఇంటిపక్కనే, సెర్పెన్స్ మొదటి సరుకు ఎక్కించుకున్న అలమీడా కూడా అదే అఖాతానికి అవతలి ఒడ్డు. వెళ్తే యంత్రం గది ఒక్కటే చూసి రాకండి. డెక్కు మీద హ్యాచ్ అంచున నిలబడి డెరిక్ కొస నుంచి హోల్డు అడుగు దాకా ఎంత లోతుందో చూడండి, తర్వాత ముందుకు నడిచి ముక్కులోని బోసన్ లాకర్ ఎక్కడుందో అడగండి.

పత్రాల కోసం వెతికేవాళ్లు ఓడ పేరుతో కాకుండా ఏకే-97 అనే నంబరుతో వెతకడం మేలు. పేరుతో వెతికితే సగం ఫలితాలు నక్షత్ర మండలానివే వస్తాయి. 1943 ఏప్రిల్ 19కి ముందు కాగితాలు కావాలంటే కార్డోజో పేరు కింద చూడాలి.